తబీతమ్మ బియ్యం

కనకరత్నం టీచరుగారు తాసిల్దారుగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తలుపుకి లోపల్నించి గొళ్ళెం పెట్టి, రెండొందల పేజీల ఇంగ్లీషు పుస్తకం అట్ట నించి అట్టదాకా చదివి వినిపించి, ఆయన వెక్కివెక్కి ఏడుస్తుంటే లంక పట్టాల మీద సంతకాలు పెట్టించుకొచ్చేరని కాట్రేనికోన నించి కొత్తపేట దాకా ఎవర్నడిగినా చెప్తారండి. చూసినోళ్ళు మాత్రం ఒక్కళ్ళూ లేరు. బంట్రోతుని కూడా అడిగేను. ఆ టయానికి టీ తాగడానికెళ్ళేనన్నాడు.

నేను చెప్పేది అలాంటిది కాదు. నేను చదివింది ఐదో తరగతే, అది కూడా గుమ్మం దాకా వెళ్ళొచ్చేనంతే. కానీ నా చెవులు రెండూ ఎమ్మే పాసయ్యేయి.

మాది ముమ్మిడివరంలో బస్సు దిగి గౌతమి గట్టమ్మట రెండు మైళ్ళు నడిచే పేట. కనకరత్నంగారు ఇక్కడి పిల్లే. వాళ్ళమ్మ ఊడ్పులూడ్చి, కోతలు కోసి, మిషనోళ్ళ బళ్ళో చదివిస్తే, ఆ బళ్ళోనే టీచరయ్యేరు. అక్కడితో ఆగుతారా? పోస్టులో ఎమ్మే ఇంగ్లీషు కట్టేరు. ఆ పార్సిళ్ళు మోసిమోసి పోస్టుమాను సింహాద్రికి ఒక భుజం జారిపోయింది. ఇప్పటికీ ఆయన చొక్కా ఒక పక్కకే ఉంటుంది, చూసుకోండి.

డెబ్భై ఎనిమిది డిసెంబర్లో అలా వచ్చిన పార్సిల్లో ఓ నవల ఉంది. ఆఫ్రికా ఆయనెవరో రాసేడు. పరీక్షకి అదే పెట్టేరు. టీచరుగారికి ఓ అలవాటుందండి, చదివింది ఇంకోళ్ళకి తెలుగులో చెప్తే గానీ బుర్రకెక్కదు. బడి వదలగానే పుస్తకం పట్టుకుని కాలవ గట్టుకి వచ్చేసేవారు. అక్కడ మా ఆడాళ్ళు నానిన కొబ్బరి డొక్కలు కర్రలతో బాది పీచు తీస్తుంటారు. వాళ్ళకి పెద్ద, టీచరుగారి మేనత్త దానమ్మ. ఆవిడ ఓ దెబ్బేస్తే ఏటికవతల కొంగలు లేచిపోతాయి.

"తబీతా అని ఓ ఆవిడత్తా," అని మొదలెట్టేరు టీచరుగారు. "కొండమీద కాఫీ తోటలో తెల్లదొర దగ్గర కూలి. ఆ కొండ వాళ్ళ తాతలదే. దొర ఓ కాగితం చూపించి ఇది నాదన్నాడు. అందులో ఏముందో చదవడం ఎవరికీ రాదు. పాదిరిగారు బడి పెడితే, తబీతా ఉన్న ఆరు మేకల్నీ అమ్మి కూతుర్ని చేర్చింది. ఎప్పటికైనా ఆ కాగితం చదువుతుందని."

దానమ్మ కర్ర ఆపేసింది. "తబీతా అంటే మనోళ్ళేనే! ఏ సంఘమట?"

"మనల్ని ఏలిన దొరలే వాళ్ళనీ ఏలేరత్తా. మన దగ్గర్నించి వెళ్ళిపోయేరు, అక్కడింకా ఉన్నారు."

"వెళ్ళిపోయేరులే. కాగితాలన్నీ ఇక్కడ పారేసి మరీ వెళ్ళేరు," అంది దానమ్మ. "తర్వాతేమైందో చెప్పు."

రోజుకి రెండు పేజీలు. తబీతాకి జొరమొస్తే పేటంతా నీరసం. దొర ఆవిడ గుడిసె పీకించినరోజు దానమ్మ కొట్టిన దెబ్బకి డొక్క పీచవలేదండి, పిండైపోయింది.

ఆ ఆదివారం ప్రార్థనలో దానమ్మ లేచి, "ప్రభువా, కొండమీద ఇల్లు పోగొట్టుకున్న మా తబీతమ్మనీ, ఆవిడ పిల్లనీ కాపాడు," అంది. ఆడాళ్ళందరూ ఆమెన్ అన్నారు. తబీతమ్మ కాట్రేనికోన ఆడపడుచేమో అనుకుని పాస్టరుగారూ ఆమెన్ అనేసేరు.

మా వాళ్ళకో పద్ధతుంది. ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. దానమ్మ ఇంటింటికీ తిరిగి రెండో కుండ పెట్టించింది. పూటకింకో గుప్పెడు, తబీతమ్మకి. పోగైంది పోగైనట్టు గుడి వెనక గదిలో బస్తాకెత్తేరు. ఇరవైరెండు ఇళ్ళు, నాలుగు నెలలు. ముప్పై బస్తాలని నేనంటాను, మూడని పాస్టరుగారంటారు. ఆయనకి చూపు కొంచెం తక్కువ. టీచరుగారికి మాత్రం ఈ సంగతి తెలీదు. పరీక్షల చదువులో మునిగిపోయి ఇంట్లో కుండ ఒకటా రెండా అని ఎవరు చూసేరు?

ఏప్రిల్ చివర, బళ్ళకి సెలవులిచ్చేక, అసలు పేజీ వచ్చింది. తబీతా కూతురు చదువుకుని దొరగారి కాగితం చదివేసింది. "అందులో ఏం రాసుందంటే," అన్నారు టీచరుగారు, "ఇది ఖాళీ నేల, ఇక్కడ మనుషులెవరూ లేరు, అని."

కర్రలన్నీ ఆగిపోయేయండి. గౌతమి కూడా ఆగిందనే అంటాను నేను.

"మరి మన లంక కాగితంలో ఏం రాసుందే, రత్నం?" అంది దానమ్మ.

లంకంటే ఏటి మధ్య ఒండు పేరుకుని లేచిన నేల. నలభై ఏళ్ళబట్టీ మా ఇరవైరెండిళ్ళ వాళ్ళే మిరపా, వంగా, పొగాకూ వేసుకుంటున్నారు. పట్టా ఎవరికీ లేదు. అడగాలనే ఎవరికీ తోచలేదు.

టీచరుగారు మర్నాడే కరణంగారి దగ్గరికెళ్ళి ఊరి లెక్క చూపించమన్నారు. చూసి, గట్టు మీద తెల్లకాగితంలా వచ్చి నిలబడ్డారు. "బీడు. సాగు లేదు. అలా రాసేరత్తా. బంగారరాజుగారు ఆ బీడు తనకిమ్మని అర్జీ కూడా పెట్టుకున్నారు. వచ్చే నెల్లోనే తాసిల్దారుగారు చూడ్డానికొస్తారట. ఏ రోజో చెప్పరు. ఆయనొచ్చిన రోజు లంకలో మనుషులు కనపడకపోతే అంతే, పోయినట్టే."

బంగారరాజుగారంటే కొబ్బరితోటల ఆసామి. ఆయన తోటకి కాయలు దింపడానికి బ్రహ్మచారిగా వెళ్ళినోడు మనవలతో తిరిగొచ్చేడు, అంత తోట. పైగా మేనెల. పంట తీసేసిన లంక ఎవరు చూసినా బీడులాగే ఉంటుంది.

"ఆయనొచ్చేదాకా అక్కడే ఉండాలి," అన్నారు టీచరుగారు.

"కూలికెళ్ళకుండా ఏం తింటావే?" అని ఎవరో అన్నారు. అప్పుడు దానమ్మ మెల్లిగా, "బియ్యమైతే ఉన్నాయి. కానీ అవి తబీతమ్మవి," అంది.

సంగతి విని టీచరుగారు కూలబడిపోయేరు. "అత్తా, తబీతా లేదు. అది కథ. రాసినాయన కల్పించేడు."

దానమ్మ కళ్ళు చింతనిప్పులైపోయేయి. "లేని మనిషికి నాలుగు నెల్లు ప్రార్థన చేయించేవా? దేవుడికి నేనేం మొహం చూపించను? ఎమ్మే అంటే ఇదా?"

"మనిషి లేదు గానీ అలాంటి కాగితం ఉందత్తా. ఇందాకే నా కళ్ళతో చదివేను."

దానమ్మ కర్ర భుజానేసుకుని లేచింది. "ఆవిడే ఉంటే ఈ బియ్యం మనకే పెట్టేది. పడవ కట్టండి."

పేటకి పేటే లంకకెళ్ళిపోయింది. ఇరవైరెండు పొయ్యిలు, తాటాకుల నీడలు. పగలు మిరప మోళ్ళు పీకి, నేల తవ్వి, ఎవరి గట్టు వాళ్ళు వేసుకోడం, పూటకి గంజి కాచుకోడం. నాలుగోనాడు బంగారరాజుగారు పడవలో వచ్చి, దిగకుండానే అడిగేరు.

"ఏంటి టీచరమ్మా, పిక్నిక్కా?"

"పనండి. మా లంక కదండి."

"తిండో?"

"తబీతమ్మగారు పంపించేరండి," అంది దానమ్మ.

"ఆవిడెవరు?"

"మా చుట్టమండి. ఆఫ్రికాలో ఉంటారు. ఈసారి ఆవిడే వస్తానన్నారు."

బంగారరాజుగారు గొడుగు ఏట్లో పడిపోతే తీసుకోడం కూడా మర్చిపోయేరండి. ఆ గొడుగు సముద్రం దాటి ఆఫ్రికాకే వెళ్ళిందని నా నమ్మకం.

తొమ్మిదోనాడు ఆఖరి బస్తా దులిపి పొయ్యిలెక్కించేరు. అప్పుడొచ్చింది తాసిల్దారుగారి పడవ. ఆయన పొగలు చూసేరు, గట్లు చూసేరు, కాగితం చూసేరు.

"ఇక్కడెవరూ లేరని రాసుందే!"

"మేం ఎవరం కాదాండి?" అంది దానమ్మ.

ఆడాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆయన్ని గట్టుగట్టుకీ తిప్పి, ఎవరి మిరప ఎక్కడో, ఎవరి వంగ ఎక్కడో మోళ్ళు పట్టుకుని చూపించేరు. ఆయన చెట్టుకింద కూర్చుని గంజి తాగి, కలం తీసి రాసుకున్నారు. మడిచి జేబులో పెట్టుకోబోతుంటే టీచరుగారు చేతులు కట్టుకుని అన్నారు. "ఏవండీ, రాసింది ఒకసారి చదివి వినిపించండి. మా పెద్దలకెవరూ ఇంతవరకూ చదివి చెప్పలేదండి."

ఆయన టీచరుగారికేసి చూసి, కళ్ళజోడు సర్దుకుని చదివేరు. "ఇరవైరెండు కుటుంబాల వారి సాగులో ఉన్నది."

"ఇంకోసారి బాబూ," అంది దానమ్మ.

మూడుసార్లు చదివించింది. ఎనభైలో పట్టాలొచ్చేయి. టీచరుగారు పుస్తకం చదివి వినిపించడం కాదండి, ఆయన చేతే చదివించేరు. అదీ జరిగింది.

మొన్న ఎనభై ఆరులో, లంక కొబ్బరి మొదటి కాపు దిగినరోజు, హెడ్మాస్టరైన కనకరత్నంగారి దగ్గర కూర్చుని ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పేను. ఆవిడ నాకో బొండం కొట్టించి, అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆయ్, అంతా ఉత్తిదండి. నేను లంకకెళ్ళనూ లేదు, దానమ్మత్త కేకలేయనూ లేదు. తాసిల్దారుగారు మంచోరు, ఆయనే వచ్చి రాసుకున్నారు. ఆ పుస్తకం నేను పూర్తిగా చదవనేలేదు, ముప్పైతొమ్మిది మార్కులొచ్చేయి. తబీతమ్మా? ఆవిడెవరో నాకు తెలీదండి."

అని లోపలికి తిరిగి, "అమ్మాయ్, ఎసరు పెట్టేవా? రెండో కుండలో గుప్పెడు వేసేవా?" అని కేకేసి, నాకేసి చూసి, "అది గుడికండి," అన్నారు.