బావ బండికి ప్లగ్గులు

ప్లగ్గు ముక్కు చూసి ఇంజను జాతకం చెప్పేస్తాడని పెద్దోడికి పేరు. ఆ పేరు నిలబెట్టుకోవాలన్న తాపత్రయం కూడా దండిగానే ఉండేది, తంటా అంతా అక్కడే వచ్చింది. యాభై దాటి, తల నెరిసి, కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేలాడేసుకునే మనిషిని ఇంకా పెద్దోడనే పిలిచేవాళ్ళు. ఎందుకంటే అదే కార్ల రిపేరు షెడ్డులో అవతలి మూల చిన్నోడున్నాడు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, మొహాలు చూస్తే అచ్చు గుద్దినట్టుంటారు. మాటలు మాత్రం లేవు.

మాటలు పోవడానికి కారణం వింటే నవ్వొస్తుంది. ఎప్పుడో ఒక బండాయన ఎదుట పెద్దోడు, మా తమ్ముడికి చేతుల్లో బలమేగానీ బుర్రలో బుద్ధి లేదండీ అని నవ్వాడు. సరదాకే అన్నాడు. చిన్నోడు స్పానరు కింద పెట్టి బయటికి పోయాడు. మర్నాడు పనికి వచ్చాడుగానీ అన్నతో నోరు విప్పలేదు. ఊరికే అన్నాన్రా అని ఒక్క ముక్క అంటే పోయేదానికి, పెద్దవాణ్ణి నేను తగ్గడమేమిటని పెద్దోడు బిగుసుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాలు ఇద్దరూ.

చివరికి అక్క వచ్చి మధ్యలో కూర్చుని షెడ్డు పని పంచింది. తల్లి పోయాక ఇద్దరికీ అన్నం కలిపి పెట్టింది ఆవిడే, ఆవిడ మాటంటే ఇద్దరికీ గురి. ఇంజను విప్పడం, బిగించడం చిన్నోడిది. పెట్రోలుకు నిప్పురవ్వ అంటించే ప్లగ్గులు, పాయింట్లు, కార్బొరేటరు పెద్దోడివి. ఒకరి పనిలో మరొకరు వేలు పెట్టకూడదు. చెప్పుకోక తప్పనిదేదైనా ఉంటే గోడకు చెప్పుకునేవాళ్ళు. "పదమూడో నంబరు స్పానరు ఎవరైనా తీసుంటే ఇచ్చేస్తే బాగుండు" అని పెద్దోడు గోడకేసి అంటే, కాసేపటికి అది బల్ల మీద ఠంగుమని పడేది. బండ్లు తెచ్చేవాళ్ళకు ఇదో వినోదం.

అక్క మొగుడిది కిరాయి కారు. అది తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ముసలి బండి, పెట్రోలుతో పాటు ఇంజనాయిలూ తాగేది, ఆ నూనె మసి ప్లగ్గులకు పట్టి నడిరోడ్డు మీద మొరాయించేది. దానికి మందు కనిపెట్టింది పెద్దోడే. పింగాణీ ముక్కు పొడుగ్గా ఉండే వేడి ప్లగ్గులు వేశాడు. ముక్కు పొడుగైతే వేడి తొందరగా బయటికి పోదు, ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. ఆ ప్లగ్గులతోనే బండి ఏళ్ళ తరబడి నడిచింది. ఇంజను జోలికి పోకు బావా, నా ప్లగ్గులున్నంత కాలం నీ బండికి ఢోకా లేదని పదిమందిలో రొమ్ము విరుచుకుని చెప్పేవాడు.

ఇలా ఉండగా బావకు మంచి బేరం తగిలింది. కొండ మీది ఆసుపత్రికి రోజూ డాక్టర్లను దించి రావాలి. బండి పొగ కక్కితే మాత్రం కుదరదన్నారు. సరిగ్గా అప్పుడే పెద్దోడు నడుము పట్టేసి ఇంట్లో మంచమెక్కి ఉన్నాడు. బావ చిన్నోడి కాళ్ళావేళ్ళా పడి ఇంజను విప్పించి, నూనె పైకెక్కి కాలకుండా ఆపే పిస్టన్ రింగులు కొత్తవి వేయించాడు. పెద్ద బావమరిదికి చెప్పడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు. జోలికి పోవద్దన్న ఇంజన్నే విప్పించాడాయె. అన్నదమ్ములు, ఒకే షెడ్డు, వాళ్ళలో వాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాడు పాపం.

పెద్దోడు నడుము పట్టుకుని షెడ్డుకొచ్చేసరికి బావ బండి ఎదురుగా ఉంది. ప్లగ్గులు తీసేసి ఆ బొక్కల్లో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. పాత ప్లగ్గులు డబ్బామూతలో పోసి తన బల్ల మీద పెట్టి ఉన్నాయి. ప్లగ్గులు బిగించడం అన్న వంతు కాబట్టి చిన్నోడు అంతవరకే చేసి వదిలేశాడు. పెద్దోడు కళ్ళజోడు పైకెత్తి ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశాడు. తారు పూసినట్టు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. పాత రోగమే, ముదిరిందంతే అనుకుని సొరుగులోంచి వేడి ప్లగ్గులే తీశాడు. అదీ ఎప్పటికంటే ఒక మెట్టు ఎక్కువ వేడివి.

బిగించబోతూ ఇంజను వైపు వంగినప్పుడు చేయి ఆగింది. ఇంజను మూత హెడ్డు కింద వేసే రేకు, గ్యాస్కెట్టు, దాని అంచు కొత్తగా తళతళలాడుతోంది. బోల్టుల తలల మీద పాత జిడ్డు లేదు. అన్నేళ్ళు ఇంజన్లతో బతికిన మనిషికి అది కనిపించకపోతుందా? లోపల ఏదో జరిగిందని తెలిసింది. అడగాలి. తమ్ముణ్ణి అడగడానికి నామోషీ అయితే గోడ ఉంది, గోడనడిగినా సరిపోయేది. కానీ ప్లగ్గు ఎన్నుకోవడానికి చిన్నోడి సాయం కావాలా? ఆ మాట వాడి చెవిన పడితే జన్మంతా నవ్వుకోడూ? గ్యాస్కెట్టు ఒక్కటే మార్చి ఉంటాడులే అని తనకు తానే చెప్పుకున్నాడు. తల ఎత్తితే అవతలి మూల చిన్నోడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తన చేతిలోని ప్లగ్గుల పెట్టె వైపే చూస్తున్నాడు. చూపులు కలిశాయి. చిన్నోడు తల తిప్పుకున్నాడు. పెద్దోడు ప్లగ్గులు బిగించేశాడు.

ఊళ్ళో తిరిగినన్నాళ్ళు బండి బంగారంలా నడిచింది. పొగ లేదు. బావ మురిసిపోయాడు. ఆ వారమే నిండుగా డాక్టర్లతో కొండెక్కుతుంటే ఇంజనులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు మొదలైంది. అవతల ఆపరేషన్‌కు వేళవుతోందని వాళ్ళు తొందరపెడితే బావ ఇంకా తొక్కాడు. పైమలుపు దగ్గర పెద్ద చప్పుడు, నల్లటి పొగ, అంతే. డాక్టర్లు వేరే బండి పిలిపించుకుని వెళ్ళారు. ఆ మర్నాడూ, ఆపైనా ఆ వేరే బండిలోనే వెళ్ళారు.

చిన్నోడు ఇంజను విప్పి పిస్టన్ ఒకటి తెచ్చి పెద్దోడి బల్ల మీద పెట్టాడు. నెత్తిన వేలు దూరేంత చిల్లు. కొత్త రింగులేసిన ఇంజనులో కాల్చడానికి నూనె మసి ఎక్కడిది? ప్లగ్గు ముక్కు ఊరికే ఎర్రగా కాలి, నిప్పురవ్వ పడకముందే పెట్రోలును అంటించి, పిస్టన్‌ను కరిగించేసింది. పెద్దోడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 

అక్క వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ముందు చిన్నోణ్ణి అడిగింది, అన్న ఏ ప్లగ్గులు పెడుతున్నాడో చూశావా అని. చూశానన్నాడు. మరి నోరు పెగల్లేదేం అంటే, "నన్నడిగితేగా. నాకు బుద్ధి లేదుగా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అక్క ఇటు తిరిగింది. "నువ్వు చెప్పరా పెద్దోడా. ఇంజను విప్పారని నీకు తెలీదూ?"

తెలీదనేస్తే పోయేది. పాత ప్లగ్గులు నల్లగా ఉన్నాయక్కా, నేనేం చేసేది అని బొంకినా నమ్మేది. పెద్దోడికి ఆవిడ మొహం చూసి అబద్ధం రాలేదు.

"అనుమానం వచ్చిందక్కా."

 అక్క ఏడుస్తుందేమో అనుకున్నారు ఇద్దరూ, ఏడవలేదు. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయంటారే, ఆ దూడను నేనేనని ఇన్నాళ్ళకు తెలిసింది అంది. "తెలియక చేసుంటే మీ ఖర్మ, నా ఖర్మ అనుకుని ఊరుకునేదాన్నిరా. ఇద్దరికీ తెలిసే చేశారు."

ఇద్దరూ ఒక్కసారే అందుకున్నారు. పిస్టన్లు మార్చేస్తానని ఒకడు, మంచి ప్లగ్గులు నేనే ఎంచి వేస్తానని ఇంకొకడు. పెద్దోడు మరీ దిగివచ్చి, "వాడితో మాట్లాడతానక్కా, ఇప్పుడే, నీ ఎదురుగానే" అన్నాడు.

"మాట్లాడుకోండి," అంది అక్క. "ఇక నాతో వద్దు."

బండికి తాడు కట్టించి ఈడ్పించుకుపోయి పాతసామాను వాడికిచ్చేసింది. బావ ఇప్పుడు ఎవరిదో లారీ తోలుతున్నాడు, ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో ఆయనకే తెలీదు. ఒకనాడు పెద్దోడు పండ్లు కొనుక్కుని ఆ ఇంటికి వెళ్తే, తలుపు తీసిన మేనకోడలు అమ్మ పడుకుందని చెప్పి మళ్ళీ వేసేసింది. లోపల కుట్టుమిషను నడుస్తున్న చప్పుడు అతనికి వినిపిస్తూనే ఉంది.

షెడ్డులో అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారు. చూసేవాళ్ళు, పోనీలే కలిశారు, అదే పదివేలు అంటారు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే చిన్నోడే ముందు పలకరిస్తాడు.

"అక్కకు ఫోన్ చేశావా?"

"తియ్యట్లేదు. నీకు?"

"నాకూ అంతే."