నోరీన్ చెప్పని మాత్ర

ఐర్లండ్‌లో లీట్రిమ్ కొండకింది ఆ ఊళ్లో ఎవరు పోయినా, శవపేటిక మూత వేసేముందు జపమాల చెప్పించేది నోరీన్ గిల్‌మార్టినే. ఫాదరు వచ్చినా సరే, ఆవిడ ముగించేదాకా గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడవలసిందే. మనిషి చీపురుపుల్ల, గొంతు మాత్రం చర్చి గంట. "మరియమ్మా, వందనము" అని ఆవిడ ఎత్తుకుంటే, వంటింట్లో టీ కాస్తున్నవాళ్లు కూడా కెటిల్ పొయ్యి మీదే వదిలేసి మోకరించేవారు. బడికి పోయింది తక్కువ, ఆవుల వెంట పోయింది ఎక్కువ. అయినా ఊళ్లో సగంమందిని ఆ గొంతుతోనే పైలోకానికి సాగనంపింది. చచ్చినవాడి ముందు దగ్గడం, తడబడటం మర్యాద కాదని ఆవిడ పట్టు.

ఆ పట్టు వెనక బ్రైడీ కూడా ఉంది. పక్క పొలం బ్రైడీకి జపమాల అంతా నోటికి వచ్చు. నోరీన్ గొంతు ఎప్పుడు బొంగురుపోతుందా, ఆ చోటు తనకెప్పుడు దక్కుతుందా అని ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంది.

ఇంతమందిని ఓదార్చిన నోరీన్, మొగుడు ప్యాకీ పోయాక మాత్రం ఒక చలికాలమంతా ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుండిపోయింది. అప్పుడు డాక్టరు దిగులుకి రోజూ ఒక మాత్ర రాశాడు. దానితో మళ్లీ మనిషైంది. ఆ మాత్ర మాత్రం ఊరి మందుల షాపులో కొనలేదు. బస్సెక్కి స్లైగో పట్నం పోయి తెచ్చుకునేది. నోరీన్‌కి దిగులంట అని నలుగురూ అనుకోవడం కంటే చావే నయమనుకుంది. కన్నపిల్లలకి కూడా చెప్పలేదు.

ఈ మధ్య పశువుల సంత మ్యాటీ పోయాడు. సరిగ్గా అప్పుడే నోరీన్‌కి పొడి దగ్గు పట్టుకుంది. పేటిక మూసేది రేపు. ఊరి మందుల షాపుకి పరుగెత్తింది.

కౌంటర్ వెనక ఉన్న గ్రాన్యా అడిగింది. "కఫం పడుతోందా, పొడి దగ్గా నోరీన్ గారూ?"

"పొడిదే తల్లీ. కుక్క మొరిగినట్టుంది. రేపు ఇలా మొరిగానంటే మ్యాటీ లేచి కూర్చుంటాడు."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

"దగ్గు ఆపే సిరప్ ఇస్తాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా? నిద్రకి, మనసుకి, దేనికైనా?"

నోరీన్ వెనక బ్రైడీ ఉంది. బ్రైడీ వెనక తపాలా ఆఫీసావిడ. ఇద్దరి కళ్లూ సబ్బుల మీద, చెవులు మాత్రం కౌంటర్ మీద.

"నాకు మందులేంటమ్మా? గుర్రంలా ఉన్నాను."

"నిజంగానా? ఇది కొన్ని మాత్రలతో పడదు, అందుకే అడుగుతున్నా. కావాలంటే ఆ పక్క గదిలో కూర్చుని మాట్లాడుకుందాం."

పక్క గదిలోకా! అందులో అడుగుపెడితే చాలు, చీకటిపడేలోపు తనకి క్యాన్సరని ఊరంతా కొవ్వొత్తులు వెలిగించేస్తుంది.

"అక్కర్లేదు. ఇవ్వు."

"కొలత కప్పుతోనే తాగండి. మళ్లీ ఎప్పుడు తాగాలో డబ్బా మీదుంది, అంతకు ముందు తాగొద్దు. విస్కీ మీద అసలే వద్దు."

"విస్కీ లేకపోతే చావింటికి ఎందుకు పోవడం?" అని వరసని ఇంకోసారి నవ్వించి బయటపడింది.

ఇంటికి వచ్చీ రాగానే డబ్బా, కాగితం, ఆ ప్లాస్టిక్ కప్పు అన్నీ పొయ్యిలో పడేసింది. బొమ్మ కప్పుతో కొలుచుకుని తాగడానికి తానేమైనా చంటిపిల్లా? సీసా ఎత్తి గుక్కెడు తాగింది. దగ్గు కాస్త లొంగింది. ఇంకో గుక్క వేసింది. పొద్దున దిగులు మాత్ర మింగింది, దాని మీద మళ్లీ సీసా ఎత్తింది. మ్యాటీ ఇంటికి నడుస్తూ దారిలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి. టాఫీలమ్మే చోట అమ్మే మందు మనిషినేం చేస్తుందిలే అనుకుంది. లోపలికి పోగానే మ్యాటీ కూతురు ఓర్లా, లవంగం, నిమ్మచెక్క వేసిన వేడి విస్కీ గ్లాసు చేతిలో పెట్టింది. అదీ తాగేసింది.

చావింటి ఆచారంగా గడియారం ఆపేశారు, అద్దం మీద దుప్పటి కప్పారు. అందరూ మోకరించారు. జపమాలలోని ఐదు దేవరహస్యాల్లో మొదటిది గంటలా మోగింది. దగ్గు ఊసే లేదు. వెనక నుంచి బ్రైడీ నిట్టూర్పు వినబడి నోరీన్ లోలోపల మురిసిపోయింది.

రెండోదానిలో జపమాల పూసలు గలగలలాడాయి. చలేమో అనుకుంది. కానీ వీపంతా చెమట కారిపోతోంది. దవడ తనంతట తానే కొట్టుకుంటోంది. మోకాలు ఎగిరెగిరి పేటిక కింది బల్లని తన్నుతోంది. ఆపుదామంటే ఆగదు. గుండె పరిగెత్తుతోంది, దాని వెంట నోరూ పరిగెత్తుతోంది. "వందనము వందనము వందనము..." పేటిక అదిరింది. మ్యాటీ చేతిలో పెట్టిన శిలువ జారి కిందపడింది.

ఓర్లా వంగి శిలువ తీసింది.

"పాపం, మ్యాటీ అంటే ఎంత ప్రాణమో!" అన్నాడు ఒక ముసలాయన.

"ప్రాణం కాదు, విస్కీ," అంది ఇంకొకావిడ.

లేవబోయిన నోరీన్ కుప్పకూలింది. బ్రైడీ ఒక్క దూకులో వచ్చి పట్టుకుంది. సంచిలోంచి సీసా దొర్లింది. అడుగున నాలుగు చుక్కలున్నాయి.

"ఓరి దేవుడా! నిన్ననే కదే కొన్నావు! నా కళ్ల ముందే!"

ఓర్లా అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేసింది. అవతలివాళ్లు అడిగిన మాట గదిలోకి తిరిగి గట్టిగా అడిగింది. "ఆవిడ ఇంకేమైనా మందులు వాడుతున్నారా అంటున్నారు!"

అదే ప్రశ్న. ఈసారి ఊరంతా వింటోంది.

నోరీన్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చెప్పకపోతే ఇక్కడే, మ్యాటీ పక్కనే పోతానేమో. పోతే తన పేటిక దగ్గర జపమాల చెప్పించేదెవరు? తల ఎత్తి చూస్తే పైన బ్రైడీ మొహం! ఆ మొహం చూడగానే నాలుక కదిలింది.

"మాత్ర... దిగులు మాత్ర... ప్యాకీ పోయినప్పటినుంచీ. పొద్దున కూడా వేసుకున్నా."

పేటికలో మ్యాటీ మాట్లాడినా జనం అంతలా అదిరిపడేవారు కాదు. ఫోన్‌లోవాళ్లు గబగబా చెప్పారు: సిరప్ గానీ విస్కీ గానీ ఇంక చుక్క పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, సీసా, మాత్రలు వెంట పంపండి.

ఆసుపత్రి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "మీ మాత్ర మంచిదే, సిరప్పూ మంచిదే. కానీ రెండూ మెదడులో ఒకే రసాయనాన్ని పెంచుతాయి. కలిస్తే, అందులోనూ సీసాకి సీసా ఎత్తేస్తే, ఒళ్లు ఇలాగే పిచ్చెత్తిపోతుంది. ప్రాణమే పోవచ్చు. మాత్ర సంగతి ముందే చెప్పినందుకు మాకు పని తేలికైంది."

చీటీ అడగకుండా అమ్మే తీపి నీళ్లు! నోరీన్ వణుకు తగ్గాక కూడా ఆ మాటే తలుచుకుని ఉలిక్కిపడింది.

బ్రైడీ చూడటానికి వచ్చింది.

"నీ జపమాల నేనే ముగించాను."

"తప్పులు చెప్పావా?"

"నాలుగో రహస్యం ఎగిరిపోయింది. ఎవరు విన్నారులే, అందరి ధ్యాసా నీ మీదే." దుప్పటి అంచు సరిచేస్తూ గొంతు తగ్గించింది. "స్లైగోలో ఆ మందుల షాపులో నిన్ను చూశానే ఒకసారి. షాంపూల వెనక నక్కాను."

"నువ్వెందుకు నక్కావు?"

బ్రైడీ సరిచేసిన అంచునే మళ్లీ సరిచేసింది.

తర్వాత నోరీన్ ఊరి షాపుకి పోయింది. గ్రాన్యా పక్క గది తలుపు తీయబోతే వద్దంది. మాత్ర పేరు, ఎప్పటినుంచి వాడుతోంది, అన్నీ జపమాల గొంతుతోనే చెప్పింది. వరసలో ఒక్కరూ నవ్వలేదు.

తర్వాతి వంతు బ్రైడీది. కౌంటర్ మీదికి వంగింది. "అమ్మా, ఆ గది ఖాళీయేనా?"

వెనక తపాలా ఆఫీసావిడ మెడ చాచింది. నోరీన్ వెళ్లి ఆవిడ ముందు అడ్డంగా నిలబడింది.

"ఏమమ్మా, మా చెల్లెలి పార్సిల్ ఎక్కడ పారేశారు మీరు?" అని షాపు అద్దాలు అదిరేలా మొదలుపెట్టి, పక్క గది తలుపు బ్రైడీ వెనక పడేదాకా ఆపలేదు.