మూడో నెలలోనే గోదావరి దాటాం

మొదటి కాన్పప్పుడు మా అక్క కాళ్ళకు నీరు పడితే ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. తొంభైల నాటి సంగతి. "పాదాలు పొంగేయంటే మగపిల్లాడే!" అని అక్క అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం అన్నారు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఎదుర్లంక దగ్గర పంటు ఎక్కి గోదావరి దాటాలి. అయిదో నెల నిండిన గర్భిణి గోదావరి దాటకూడదని వాళ్ళింటి ఆచారం. ఆ వాదన తేలేసరికి ఒక పూట గడిచిపోయింది. అక్క బతికింది. పుట్టింది మగపిల్లాడే, ప్రాణం లేదు.

ఆ అత్తగారి మీద నాకు ఎంత కోపమో, నా మీద నాకు అంతకు రెట్టింపు. అప్పటికే నేను అమలాపురంలో ఒక నర్సింగ్ హోమ్ ల్యాబులో పనిచేస్తున్నాను. రోజూ ఎందరో గర్భిణుల మూత్రంలో ఈ జబ్బుకు గుర్తయిన ప్రోటీను ఉందేమోనని చూసేదాన్ని. సొంత అక్కది చూడలేదు. "బాగానే ఉన్నానే" అంటే నమ్మేశాను. తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రెండువేలు దాటి కొన్నేళ్ళయ్యాక అక్క మళ్ళీ నెల తప్పింది. మా నర్సింగ్ హోమ్ డాక్టరమ్మగారు నన్ను పిలిచారు. "హైదరాబాదులో కొత్త రక్తపరీక్ష చేస్తున్నారు. మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే వేరే ప్రోటీను ఒకటి మూడో నెలలోనే కొలుస్తారు. బాగా తక్కువుంటే తర్వాత బీపీ పెరగొచ్చు. ఖాయంగా చెప్పలేం గానీ ముందే జాగ్రత్త పడతాం" అన్నారు.

అంతమందికి సూది గుచ్చిన చెయ్యి అక్క దగ్గర వణికింది. "గుచ్చవే పిరికిదానా!" అని అక్కే కసిరింది. రక్తాన్ని ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో పంపించాను.

వారానికి కాగితం వచ్చింది. ప్రోటీను బాగా తక్కువ. డాక్టరమ్మగారు చిన్న మోతాదులో ఆస్పిరిన్ మొదలుపెట్టి, కాన్పు కాకినాడలోనే జరగాలన్నారు. నేను ఆ కాగితం పట్టుకుని అక్క అత్తగారింటికి యుద్ధానికి వెళ్ళినట్టే వెళ్ళాను.

"కడుపుతో ఉన్నది గోదారి దాటకూడదమ్మా" అన్నారావిడ.

"ఇప్పుడు వంతెన కట్టేరు కదండీ అత్తయ్యగారూ!"

"వంతెన మీంచి వెళ్తే కింద గోదారి లేకుండా పోద్దా?"

కోపం నషాళానికంటింది. అరవబోయి, చేతిలో కాగితం చూసి ఆగిపోయాను. వెర్రిమొహాన్ని! కిందటిసారి మాకు ఎనిమిదో నెలలో తెలిసింది. ఇది మూడో నెల.

"అయిదో నెల నిండకుండా దాటొచ్చు కదండీ?"

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "ఆయ్. దాటొచ్చు."

"ఇప్పుడే దాటి, కాన్పయ్యేదాకా అక్కడే ఉండిపోతేనో?"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఆ రోజు నా మూలంగానే పోయేడమ్మా నా మనవడు. పదండి, నేనూ వస్తాను. దానికి వండిపెట్టాలిగా."

కాకినాడలో ఆసుపత్రి పక్క వీధిలో గది తీసుకున్నాం. ప్రతి వారం బీపీ చూపించేవాళ్ళం. ఏడో నెల చివర అక్క పాదాలు పొంగాయి. ఈసారి మగపిల్లాడని ఎవరూ అనలేదు. అత్తగారే వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపారు.

అప్పటికప్పుడు చేర్చుకుని, రోజూ కనిపెట్టుకుని ఉండి, ఎనిమిదో నెల నిండాక ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు గానీ, ఏం గొంతు! ఆ ఏడుపు తలుపులు దాటి వినగానే నేను "గెలిచాం!" అని కేక పెట్టాను. నర్సు చీవాట్లు పెట్టింది. పెట్టనీ!

ఆ పిల్ల నడక నేర్చాక ఒకరోజు పొద్దున్నే ఆ అత్తగారు మా ల్యాబుకి వచ్చారు. వెనకాల ఆవిడ చిన్నకోడలు బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"దీనికి మూడో నెలమ్మా" అన్నారావిడ, కోడలి చెయ్యి తీసి నా బల్ల మీద పెడుతూ. "గోదారి దాటడానికి ఇంకా టైముంది. ముందు రక్తం తియ్యి."

ఈసారి నా చెయ్యి వణకలేదు.