అంబలి యేలకి గడియారం పట్టినోడు

మా ఆయన సింహాచలం సచ్చిపోయి ఇరవై రోజులు దాటింది. పిల్లల ఆసుపత్రిలో సంస్మరణ సభ పెడతన్నారు, సిన్న పుస్తకం ఏస్తన్నారు, అందులో నీ మాట కూడా ఉండాలని సిస్టరమ్మ పొందూరు వచ్చి మా అరుగు మీద కూసుంది. నేను సెప్తన్నాను, ఆవిడ రాస్తంది. మొదట ఆవిడే రెండు ముక్కలు రాసి సదివింది: "సింహాచలం గారి అకాల మరణవార్త మా అందరినీ దిగ్భ్రాంతికి గురిచేసింది" అని. బాగున్నాది. పెద్దోళ్లకి రాసినట్టే ఉన్నాది, ఉండనీ అన్నాను. కాని నా కాడికి ఆ వార్త అలాగ రానేదు. ఊళ్లు తిరిగొచ్చి ఇదే అరుగు మీద కూసుని సెప్పులిప్పుతన్నాడు. ఒకటి ఇప్పేడు. "సూరీ, మంచినీళ్లు" అన్నాడు. సెంబు పట్టుకొచ్చీసరికి గోడకి ఆనుకుని ఉన్నాడు. రెండో సెప్పు కాలికే ఉన్నాది. పదకొండు గంటలవుతాది, ఎండ అరుగు మీదకి వచ్చింది. అలిసిపోయి కునుకు తీసేడనుకున్నాను. ఆ సెప్పు నేనే ఇప్పి, సెంబు పక్కన పెట్టి, లోపలికెల్లి వంకాయలు తరుక్కున్నాను. పిలిస్తే పలకనప్పుడు గాని నాకు తెలీనేదు.

ఆయన్ని గుండె డాక్టరు గారి మనిషి అంటారు ఊళ్లలో. డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. నేతగాడు. నేను నూలు వడుకుతాను, ఆయన నేసీవోడు. సన్న నూలు కళ్లకి ఆనడం మానేసింది, అప్పుడు తువ్వాళ్ల మూట సైకిలుకి కట్టుకుని ఊళ్లు పట్టేడు. బొబ్బిలి, సాలూరు, కొండ కింద ఊళ్లు. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఏ ఇంటి కుక్క కరుస్తాదో ఆయనకి తెలుసు. ఆ తెలివే తర్వాత పనికొచ్చింది.

మా సిట్టి గురించి సెప్పాల. అది నేకపోతే ఆయన సంగతి అర్దం కాదు. మాకు ఒక్కతే ఆడపిల్ల, నాలుగేళ్లు బతికింది. పెదాలు నల్లగా, గోళ్లు నల్లగా ఉండీవి. వీధిలో అందరూ "ఏటే సిట్టీ, నేరేడుపళ్లు తిన్నావా?" అని నవ్వీవోళ్లు. మేమూ నవ్వీవోళ్లం. నాలుగడుగులు నడిసి గొంతుకూసునీది. కాసేపటికి లెగిసి మల్లీ నాలుగడుగులు. ఆటనుకున్నాం. గుండెలో సిల్లుతో పుట్టిందని, ఊపిరందక అలాగ కూసుంతన్నాదని మాకు ఎవులూ సెప్పనేదు. సూసినోళ్లందరూ సూసి ఊరుకున్నారు.

అది పోయి చానా ఏళ్లైంది. ఒక రోజు ఆయన పిల్లల ఆసుపత్రి గేటు కాడ తువ్వాళ్లమ్ముతన్నాడు. చీటీల వరసలో ఒక గుంటడు నాలుగడుగులేసి గొంతుకూసున్నాడట. ఈయన మూట అక్కడే ఒగ్గేసి లోపలికెల్లిపోయి, డాక్టరమ్మ గారి బల్ల ముందు నిలబడి, "ఆ గుంటడిని ముందు సూడండమ్మా. ఆడు అలిసి కూసోనేదు, ఊపిరి దాసుకుంతన్నాడు" అన్నాడట. సూసింది. గుండెలో సిల్లే. "నీకెలా తెలుసు?" అని అడిగిందట ఆవిడ. "మా ఇంట్లో ఒకర్తి అలాగే కూసునీదమ్మా" అన్నాడట. ఆ సాయంత్రం తువ్వాళ్ల మూట నేకుండా ఇంటికొచ్చేడు. గేటు కాడ ఎవులో పట్టుకుపోయేరు. ఆయనకి ఆ గ్యాపకమే నేదు.

అప్పట్నుంచి ఆసుపత్రి పనిలోకి ఎల్లేడు. డాక్టరమ్మ గారు రెండు రకాల పిల్లల్ని ఏళ్ల తరబడి కనిపెట్టి రాస్తంది. గుండె సిల్లుతో పుట్టినోళ్లు ఒక రకం. కీళ్లు వాసి, పొద్దున్న లెగిస్తే సేతులు బిగుసుకుపోయీ పిల్లలు ఒక రకం. పిల్లలకీ కీళ్ల జబ్బు వస్తాదని నాకు అప్పుడే తెలిసింది, ముసలోళ్లకే అనుకున్నాను. ఏ మందు ఎవులికి ఎంత పనిచేస్తందో తెలియాలంటే అదే పిల్ల మల్లీ మల్లీ కనపడాల. మనోళ్లు ఒక్కపాలి వచ్చి, కాస్త నయమైతే మల్లీ రారు. ఆల్లింటికి ఎల్లి, ఎలాగున్నాదో అడిగి, పుస్తకంలో రాసుకొచ్చీ పని ఈయనది. మొదట సైకిలు, తర్వాత మోపెడ్డు.

పిల్లలు ఆయనకి బయపడీవోళ్లు కాదు. సూది నేదు, గొట్టం నేదు, జేబులో బెల్లంముక్క. ఒకిల్లు సెప్తాను. గుండె ఆపరేషనై వచ్చిన ఆడపిల్ల, సిన్న గుంట, ఎక్కడ కందిపోతాదో అని తల్లి మంచం దిగనీనేదు. ఈయన మంచం పక్కన కూసుని, "ఒలే, మీ అమ్మ నిన్ను ఆవకాయ జాడీ అనుకుంతన్నాది, కదిపితే పాడైపోతాదని" అన్నాడట. గుంట నవ్వి కిందకి దిగింది. తల్లి మాత్రం కర్ర తీసిందట. ఆ తల్లే మొన్న పదోరోజుకి వచ్చి అరిసెలు పెట్టి ఏడ్సింది.

ఇప్పుడు ఆయన సేసిన తప్పు సెప్తాను. సిస్టరమ్మ వద్దంతన్నాది, సంస్మరణలో తప్పులెందుకు అంతన్నాది. రాయమ్మా. ఆ తప్పు నేకపోతే ఆయన సగం మనిసే.

కీళ్ల పిల్లల కాగితంలో ఒక ప్రశ్న ఉంతాది. నిద్ర లెగిసిన కాడ్నుంచి సేతులు వదులవడానికి ఎంతసేపు పడతాది, నిమిషాల్లో. ఏ తల్లి నిమిషాలు సెప్తాది? "అంబలి తాగీ యేలకి వచ్చీస్తాయి మావా" అంటారు. మా పొందూరు కాడ ఇళ్లలో లెగిసిన గంటకి సోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతారు. ఈయన అదే లెక్క అన్నిళ్లకీ ఏసీసేడు. అంబలి యేల అంటే ఒక గంట. ఆసుపత్రికి పిల్లలు బస్సు దిగి వచ్చీసరికి మద్దేన్నం అవుతాది, అప్పటికి సేతులు ఎలాగూ వదులైపోతాయి. అందుకే పొద్దున్నది తెలియాలంటే డాక్టరమ్మకి ఈయన రాతే ఆదారం.

సాలూరు అవతల కొండ కింద గౌరి అని ఒక గుంట. తొమ్మిదేళ్లుంటాయి. తండ్రి లారీల మీద ఎల్లిపోతాడు, వారానికొకపాలి వస్తాడు. తల్లి నర్సమ్మ పొద్దు పొడవకుండానే కూలికి పోతాది. మొదట్లో ఆ గుంట సేతులు ఆవులు తోలీ యేల దాటినా రానేదని రాసేడు. మందు మొదలెట్టిన నాలుగు నెలలకి నర్సమ్మ, "ఇప్పుడు అంబలేలకి వచ్చీస్తన్నాయి" అన్నాది. ఒక గంట అని రాసేడు. డాక్టరమ్మ సంతోషపడి మందు తగ్గించింది.

ఒక రోజు వేరే ఇంటికి ఎల్తూ దారిలో ఆ గుమ్మంలోకి తొంగి సూసేడట. పొద్దు బాగా ఎక్కిపోయింది. గౌరి నేల మీద కూసున్నాది. ముందర అంబలి గిన్ని, దాని మీద మూత. గుంట ఆ మూతనే సూస్తన్నాది.

"ఏటే గౌరీ, తాగనేదేటి?"

"సెయ్యి రానేదు తాతా. వస్తే తాగుతాను."

అప్పుడు తెలిసిందట ఆయనకి. తల్లి ఇంట్లో నేదు, మూత తీసి తాగించీవోళ్లు నేరు. సెయ్యి వచ్చినప్పుడే ఆ గుంటకి అంబలి. గంటకి వస్తే గంటకి, మూడు గంటలకి వస్తే మూడు గంటలకి. నర్సమ్మ అబద్దమాడనేదు. ఈయనే ఆ ఇంటి అంబలిని మా ఇంటి అంబలితో కొలిసేడు.

ఇంటికొచ్చి అన్నం ముట్టనేదు. సంగతి సెప్పేడు. నేనే అన్నాను, దాసుకోను: "ఎవులికి తెలుస్తాది మావా? ఆ ఒక్క గుంట మందు పెంచమని సెప్పీసి మిగతాది ఊరుకో. ఈ వయసులో పని తీసీస్తే ఏటి సేస్తావు?"

నా వేపు సూసేడు. కోపం కూడా నేదు ఆ సూపులో. "సిట్టిని సూసినోళ్లందరూ ఊరుకున్నారు సూరీ" అన్నాడు. అంతే. 

మర్నాడు పుస్తకాలన్నీ సంచిలో ఏసుకుని ఎల్లేడు. ఈ సిస్టరమ్మ అక్కడే ఉన్నాది, ఆవిడే సెప్పింది నాకు. "నా రాత తప్పమ్మా" అన్నాడట. "ఎన్నిళ్లలో?" అని అడిగింది డాక్టరమ్మ. "అంబలి అని సెప్పిన అన్నిళ్లలో." ఆవిడ అప్పటికే ఆ లెక్కల మీద పెద్ద వ్యాసం రాసుకున్నాదట, బయటి డాక్టర్లకి పంపడానికి. ఆ వ్యాసం పక్కన పెట్టిందట. తర్వాత ఎర్ర పెన్ను తీసి ఒక్కో పేజీ కొట్టీడం మొదలెట్టింది. కొట్టీసి అన్నాదట, "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు సింహాచలం." ఈయన, "అందుకే సెప్పేనమ్మా" అన్నాడట. పని తీసీనేదు. గౌరికి మందు పెంచింది. కాని ఆ మద్దిలో గుంట కుడి మణికట్టు కాస్త వంగిపోయింది. అది మల్లీ తిన్నగా రాదట. ఆ సెయ్యి ఆయన కళ్లలోంచి పోనేదు.

అప్పట్నుంచి మల్లీ అన్నిళ్లూ తిరిగేడు. అడగడం మానీసేడు, కూసునీవోడు. పొద్దు పొడిసీసరికి ఆ ఇంటి గుమ్మంలో ఉండాల. గుంట కళ్లు తెరిసినప్పుడు గడియారం సూసుకునీవోడు. నేల మీద మూడు చింతపిక్కలు ఏసీవోడు. గుంట ఆ పిక్కలు బొటనేలూ సూపుడేలూ కలిపి ఏరి గిన్నెలో ఏసినప్పుడు మల్లీ గడియారం సూసీవోడు. "పుస్తకంలోకి నోటి మాట ఎక్కకూడదు, పిక్క ఎక్కాల" అనీవోడు. ఆడోళ్లు ఎగతాళి సేసీవోళ్లు. "ఏటి మావా, మా గుంట నిద్ర లెగడం సూడ్డానికి ఇంత దూరం వచ్చేవా? మీ ఊళ్లో పొద్దు పొడవదేటి?" అని. "పొడుస్తాది గాని, అక్కడ ముందు మా సూరి మొకం సూడాల" అనీవోడు. ఇంటికొచ్చి ఆ ముక్క నాకే సెప్పి నవ్వీవోడు.

రొమ్ము నొప్పెడతన్నాదని రెండుపాల్లు నాతో అన్నాడు. రోజూ గుండె డాక్టర్ల మద్దినే తిరిగీ మనిసి. సెప్పవయ్యా అంటే, "ఆవిడ కాడ గుంటలు వరసలో ఉన్నారు, మద్దిలో నానేటి?" అనీవోడు. ఊరందరి గుంటల గుండెలూ కనిపెట్టేడు, తనది కనిపెట్టుకోనేదు. నాకు అందుకే ఆయన మీద ఇంకా కోపం. ఏడవడానికి ఓపిక నేదు గాని, కోపానికి కాస్త ఉన్నాది.

పదోరోజు ముందు ఆయన సొక్కా ఉతుకుతంటే జేబులో మూడు చింతపిక్కలు తగిలేయి. సిస్టరమ్మకి ఫోన్ సేయించేను, ఇంకా ఏ ఇల్లు మిగిలిపోయిందని. ఒక్కటే అన్నాది. గౌరి ఇల్లు. మందు పెంచేక ఎలాగున్నాదో ఆ వారంలోనే సూడాల. అది తెలియకుండా డాక్టరమ్మ మందు మార్సడానికి నేదు.

నాకు అచ్చరం రాదు. గడియారం వచ్చు, ఆయనే నేర్పేడు. నేను రాట్నం తిప్పుతంటే ఎదురుగా కూసుని, "పెద్దముల్లు ఒక సుట్టు తిరిగితే గంట. అంకెకీ అంకెకీ మద్ది అయిదు. ఇంతే కదే" అనీవోడు. ఎందుకు నేర్పేడో అప్పుడు అడగనేదు.

మైల తీరేక సిస్టరమ్మా నేనూ ముందురోజు సాయంత్రమే నర్సమ్మ ఇంటికెల్లి పడుకున్నాం. పొద్దున్న గౌరి కళ్లు తెరిసింది. పెద్దముల్లు ఆరు మీద ఉన్నాది. పిక్కలు నేల మీద ఏసేను. నర్సమ్మ ఆ రోజు కూలికి పోనేదు, గుమ్మంలో నిలబడిపోయింది. "అప్పా, అంబలేలకి అని రాయించీ. బాగైందంటే నాకు బాగుంతాది" అన్నాది. దాని మొకం సూడనేకపోయేను. "ఆ మాట మీదే మా ఆయన తప్పులో పడిపోయేడు నర్సమ్మా, నేను రాయించను" అన్నాను.

కూసున్నాం. గుంట సేతి ఏళ్లు సాపుకుంతన్నాది, ముడుసుకుంతన్నాది. ముల్లు సుట్టు తిరిగి మల్లీ ఆరు మీదకి వచ్చింది. పిక్క ఏళ్లకి అందుతన్నాది, జారిపోతన్నాది. ముల్లు ఏడు దాటింది, ఎనిమిది దాటింది. తొమ్మిది మీదకి వచ్చీసరికి మొదటి పిక్క గిన్నెలో పడింది. రెండోది. మూడోది. అప్పుడు గౌరి అంబలి గిన్ని మూత తానే తీసింది. సగం తాగి, మూతి తుడుసుకుని, "తాత రాడా?" అని అడిగింది.

"నన్ను పంపించేడమ్మా" అన్నాను.

ఆయనలాంటోడు ఇంకొకడు దొరుకుతాడా అని సభలో అడుగుతారట. దొరకడు. అన్నిళ్ల కుక్కలూ గుర్తుపట్టీ మనిసి మల్లీ ఎక్కడ దొరుకుతాడు? మోపెడ్డు దొడ్లో ఉన్నాది, నాకు నడపడం రాదు. ఇంకా బోల్డు గుమ్మాల్లో పొద్దు పొడుస్తాది, అక్కడ ఎవులు కూసుంటారో నాకు తెలీదు. నాకు ఓపిక నేదు. అయినా బస్సెక్కించి తీసుకెల్తే ఎల్తాను.

దండం పెడతన్నాను, సివరన ఒక్కటి సరిగ్గా రాయి సిస్టరమ్మా. ఆయన పుస్తకంలో, ఆయన రాసిన ఆకరి పేరు కింద, గౌరి పేరు ఎయ్యి. ఎదురుగా, ఒక సుట్టు మీద మూడంకెలు. గంటా పావు. తక్కువ ఎయ్యకు.