తాత గడి మీద ఎర్రగీత

లైబ్రరీలో ఎవరో ఎర్ర మార్కర్ మూత తీస్తే, ఆ వాసనకు చిన్నప్పటి భూగోళం పరీక్ష గుర్తొచ్చింది. మధ్యలో పామాయిల్ అని రాసి, చుట్టూ వాన, నేల, మిల్లు, రేవు గళ్లు పెట్టి, గీతలతో కలిపి, సంబంధమేమిటో గీత మీద రాయాలి. నేను 'తాత' గడి కూడా పెట్టి, 'గెలలు కోస్తాడు' అని రాశాను. టీచర్ ఆ గడి మీదుగా, పక్కనున్న రేవు గడి దాకా ఎర్రగీత గీశారు. అదీ కలిపే గీతే అనుకున్నాను.

"ఈ ఎర్రది ఏటమ్మా?" అన్నాడు తాత, ఇంటికొచ్చి కాగితం చూపించగానే.

"టీచర్ నిన్ను రేవుకి కలిపినారు తాతా!"

"నానెప్పుడూ రేవుకి ఎల్లనేదు లా," అని, పామాయిల్ తోటలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తాతకు చదువు రాదు. కానీ పనిలోకి రానివాళ్ల పేర్ల మీద తోట హాజరు పుస్తకంలో అలాంటి ఎర్రగీతే గీసేవారని, ఆయన పోయాక అమ్మ చెప్పింది. ఇన్ని పుస్తకాలు చదివిన నాకంటే ముందే తాత ఆ గీతను చదివాడు.