నిమ్మకాయ పిలుపులు

మా అక్కది ఊరికే కూర్చోలేని స్వభావం. పెళ్ళయి సిడ్నీ వెళ్ళిన కొన్నేళ్ళకే అక్కడి పౌరసత్వం తీసుకుని, ఒక పార్టీలో చేరిపోయింది. నేనప్పుడు అమెరికాలో, పిస్కాటవేలో ఉండేవాణ్ణి. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, ఎవరి జోలికీ పోని బతుకు.

సిడ్నీలో ఎన్నికల రోజున పార్టీ కార్యకర్తలు బూత్ గేటు దగ్గర నిలబడి, ఓటు ఎలా వేయాలో చెప్పే కార్డులు పంచుతారు. మొదటిసారి అక్క చీర కట్టుకుని ఒక స్కూలు గేటు దగ్గర రోజంతా నిలబడింది. చాలామంది ఆమె చెయ్యి చాపడం చూడనట్టే పక్కనుంచి వెళ్ళిపోయారట. ఫోన్లో ఆ సంగతి చెబుతూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళ ఎలక్షన్లతో నీకేం పని అక్కా? డ్రాప్ చేసెయ్," అన్నాను.

డెబ్బైల చివర్లో మళ్ళీ రాష్ట్ర ఎన్నికలొచ్చాయి. అక్క మానలేదు సరికదా, ఈసారి నెల ముందునుంచే వీధులు తిరగడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పేరంటమైనా బొట్టు పెట్టి పిలిచే పని తనదే. అదే పద్ధతిలో ప్రతి తలుపూ తట్టి, పెరట్లో కాసిన నిమ్మకాయ ఒకటి చేతిలో పెట్టి, శనివారం ఓటింగుకి తప్పకుండా రావాలని చెప్పి వచ్చేదట. విని పగలబడి నవ్వాను.

"అక్కడ ఓటెయ్యకపోతే ఫైన్ కదా. ఎలాగూ వచ్చేవాళ్ళని పిలవడమేమిటి?"

"ఫైన్‌కి భయపడి రావడం వేరు, పిలిస్తే రావడం వేరు. నీకు తెలీదులే," అంది.

నవ్వడం నాకు తేలికే. మళ్ళీ ఆ గేటు దగ్గర నిలబడాల్సింది ఆమె కదా.

ఆ శనివారం పొద్దున్న ఉప్మా తింటుంటే ఫోన్ మోగింది. అక్కడ అప్పటికే రాత్రయి, పోలింగ్ ముగిసి, ఫలితం తేలిపోయింది. అక్క పార్టీ రాష్ట్రమంతా ఊడ్చేసింది. వెనక చప్పట్లు, కేకలు వినిపిస్తున్నాయి.

"మరి మీ సీటు?" అనడిగాను.

"పోయిందిరా. అది అవతలి పార్టీ కంచుకోట. కానీ మా బూత్‌లో మాత్రం మాదే పైచెయ్యి. ఏవో వేళ్ళమీద లెక్కపెట్టే ఓట్ల తేడాయే అనుకో. గేటు దగ్గర అందరూ నన్ను గుర్తుపట్టార్రా. ఒకావిడ నేనిచ్చిన నిమ్మకాయతో కేకు చేసి తెచ్చింది. సాయంత్రానికి నా చేతిలో ఒక్క కార్డు మిగల్లేదు."

డ్రాప్ చేసెయ్ అన్నందుకు సిగ్గేసింది. నా డిగ్రీలు చూసుకుని కూడా నేనెప్పుడూ అంత గర్వపడలేదు.

మధ్యాహ్నం తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే తెలుగువాళ్ళ పాట్‌లక్ ఉంది. కనబడ్డవాళ్ళందరినీ ఆపి చెప్పాను. పులిహోర వడ్డించుకుంటున్న ఒక పెద్దాయన గరిటె పట్టుకుని ఆగిపోయారు.

"అయితే మీ అక్కగారు ఎమ్మెల్యే అయ్యారన్నమాట."

"లేదండీ," అన్నాను. "మా అక్క ఒక స్కూలు గేటు గెలిచింది."