నూనె పెట్టిన చెవిలో గాలి నిలవదు

తెలంగాణ వచ్చిన మరుసటేడు వానకాలంలో నన్ను ఇబ్రహీంపట్నం దవాఖానకు వారానికి ఒకరోజు డిప్యుటేషన్ మీద వేసిండ్రు. నేను ఆడియాలజిస్టును, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. నా పైన చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు. పరీక్ష నాది, సంతకం ఆయనది.

ఒకనాడు యాచారం దిక్కు నుంచి ఒక ముసలమ్మ ఆరేండ్ల మనుమరాలిని తోలుకొచ్చింది. పిల్ల పేరు శిరీష. పిలిస్తే పలకదు, బడిలో సార్లు చెప్పింది అందుకోదు. చెవిటి పిల్లల హాస్టల్ బడిలో వేద్దామని తండ్రి సీటు మాట్లాడుకున్నడు. పిల్ల చెవిటిదని మా దవాఖాన కాయితం ఒక్కటే తక్కువ. ముసలమ్మకు అది సుతరామూ ఇష్టం లేదు. "గింత పోరి నేను పక్కకు లేకుంటె పండదు బిడ్డా. జర మంచిగ చూడు" అన్నది, గది దద్దరిల్లేటట్టు. పిల్లకు వినిపించాలని అరిచి అరిచి ఆమె గొంతే అట్ల అయిపోయింది.

శబ్దాల పరీక్షలో రెండు చెవులకూ ఓ మోస్తరు లోపం తేలింది. అది నరానిదా, కర్ణభేరి వెనకదా అన్నది చూడాలి. దానికి టింపనోమీటరు ఉంటుంది. రబ్బరు టిప్పు చెవిలో బిగుతుగా పెడితే, యంత్రం లోపలి గాలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. కర్ణభేరి కదిలితే తెర మీద గీత గుట్టలాగ లేస్తుంది. వెనక నీరు చేరితే కదలదు, గీత చదునుగా పోతుంది. ఇదంతా గాలి బయటికి పోకుండా నిలిచినప్పటి మాట.

ఆనాడు గాలి నిలవలేదు. పెద్ద టిప్పు వేసినా జారుడే. యంత్రం మీద అనుమానమొచ్చి, కొత్త టిప్పుతో నా చెవిలో పెట్టుకొని చూసిన. గుట్ట చక్కగా లేచింది. బయట లైను పెరుగుతున్నది. డాక్టరుగారు విసుక్కొని, ఆ పరీక్ష కుదరలేదని రాసెయ్యమన్నరు. అట్ల రాస్తే శబ్దాల పరీక్షలో తేలిన లోపం ఒక్కటే కాయితానికెక్కుతది, పిల్ల హాస్టల్‌కు పోయినట్టే. నాకు చిర్రెత్తుకొచ్చింది. కొంచెం టైమియ్యండి సార్ అన్న.

పిల్ల చెవిలోంచి తీసిన టిప్పు ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డంటింది. ముసలమ్మను అడిగిన.

"అవ్ మరి, దవాఖానకు పోతున్నమని తలకు, చెవులకు నూనె పెట్టి తోలుకొచ్చిన. మాసిన పోరిని డాక్టరు ముంగట కూసోబెడ్తనా?" అన్నది కోపంగనే.

మా దిక్కు అంతే. పెండ్లికి పోయినా, దవాఖానకు పోయినా, పిల్లల చెవుల్లో రెండు చుక్కలు పడాల్సిందే.

దూదితో చెవి రంధ్రం మొదలంతా తుడిచి, చెవి డొప్పను కొద్దిగా పైకి, వెనక్కి లాగి టిప్పు పెట్టిన. గాలి నిలిచింది. గీత చదును. యంత్రం చూపిన చెవి రంధ్రం కొలత మామూలే, కాబట్టి కర్ణభేరికి చిల్లి లేదు, గుబిలి అడ్డం లేదు. వెనక నీరున్నది. రెండో చెవిదీ అదే తీరు. ఆ నీరు తీసి చూడకుండా పిల్లను చెవిటిదనడానికి లేదు. డాక్టరుగారు గీత చూసి, హాస్టల్ కాయితం పక్కన పెట్టి, పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చిండ్రు. అక్కడ నీరు తీసి, మళ్ళీ నిలవకుండా కర్ణభేరిలో చిన్న గొట్టాలు వేసిండ్రు.

చలికాలంలో మళ్ళీ పరీక్షకు వచ్చిండ్రు. ముసలమ్మ అలవాటు చొప్పున గట్టిగా మొదలుపెట్టింది. శిరీష రెండు చెవులూ మూసుకొని, "ఎందుకొర్లుతవే నాయనమ్మా, నాకు ఇనొస్తుంది" అన్నది.

రిటైరయ్యేదాకా టిప్పు పట్టుకునే ముందు చెవుల్లో నూనె పోసిండ్రా అని అడిగిన. గాలి నిలవకపోతే పరీక్ష ఇంకా మొదలు కాలేదని లెక్క. అప్పటిదాకా పిల్ల గురించి ఏదీ రాయొద్దు.